పరుపు మీద వాచ్‌మన్

హలో… ఆఁ, నేనే. మీకు ఆ నిద్రపోయే వాచ్‌మన్ ఫోటో ఇచ్చిన ఏజెన్సీ వాణ్ణే. చెప్పండి.

ఎవరొచ్చారూ? … ఆ వాచ్‌మనే? మీ పరుపుల కొట్టుకా?

షోకేసులో పరుపెక్కి దిగడం లేదా! … బూట్లతోనా?

బూట్ల సంగతి తర్వాత. హోర్డింగు మీద ఏం రాయించారు? … చదవండి… "మా పరుపెక్కితే డ్యూటీ కూడా గుర్తుండదు." భేష్. ఆయన మేనేజరు అది చూసి ఆయన్ని పనిలోంచి పీకేశాడు. అంతేగా?

డబ్బు కట్టారు, నేను కాదన్నానా? ఆ ఫోటో వార్తల్లో వేసుకోవడానికే. సరుకు అమ్ముకోవడానికి కాదు. ఫోటో కిందే రాసుంది… చిన్న అక్షరాలా? పేపర్లో ఆయన పరువు కాపాడింది ఆ చిన్న అక్షరాలే. "రెండు రాత్రులు వరదలోంచి జనాన్ని మోసి, డ్యూటీ దిగి పడుకున్న వాచ్‌మన్" అని. మీరది కోసేశారు. ఆయన పడుకున్న బల్ల తీసేసి పరుపు దూర్చారు.

గుర్తుపట్టకుండా ఫోటోలో గడ్డం అతికిస్తారా? … అప్పుడు గడ్డమున్న వాచ్‌మన్లందరి ఉద్యోగాలూ పోతాయి.

ఆయన ఒప్పుకుని సంతకం పెడితే వాడుకోవచ్చు, నిజమే. పెట్టమనండి చూద్దాం… దిండు విసిరాడా? ఫోన్ ఆయనకివ్వండి.

అన్నా, లేవకండి. ఏ కాగితమిచ్చినా సంతకం పెట్టకండి. మీకేం కావాలి? … డబ్బొద్దా? … ఉద్యోగం. సరే, ఫోన్ షావుకారుకివ్వండి.

షావుకారుగారూ, పెన్ను తీయండి. కొట్టు పేరున్న కాగితం మీదే. "ఫోటో తీసినప్పుడు ఈయన డ్యూటీలో లేడు. అడక్కుండా ప్రకటనలో వేశాను. తప్పు నాది." … పొరపాటు కాదు. తప్పు. … సంతకం పెట్టి మేనేజరు చేతికి మీరే ఇవ్వాలి. సాయంత్రానికి హోర్డింగు దిగకపోతే మా వకీలు మీ కొట్టు మెట్లెక్కుతాడు.

ఏంటీ… నిద్రపోయాడా? లేపకండి పాపం.

ఆ టక్కుమన్న చప్పుడేంటి? … ఫోటో తీశారా!

"ఈసారి నిజంగా మా పరుపు మీదే" అంటారా? … అయ్యా, పరుపు మీది. మొహం ఆయనది.

తీసెయ్యండి. … తీసేశారా? … నమ్మను. వస్తున్నా. … అక్కర్లేదంటే ఎలా? ఉత్తరం మీరు మేనేజరు ముందు చదువుతుంటే నేను పక్కన నిలబడి వినాలి. "తప్పు" దగ్గర గొంతు తగ్గిందా, మళ్ళీ మొదట్నుంచి. పెట్టేస్తున్నా.