ఎండిన ఏరుమద్ది, సదానందం ఈల

సదానందం సంగతా? గట్ల కూసో ప్రణాలీ, చెప్త. రెండువేల మూడు, ఫిబ్రవరి పదహారు, ఆదివారం. వైన్‌గంగ మీద పొగమంచు, పడవ ముంగట కూసున్నోని టోపీ ఎనుకున్నోనికి కనబడది. తొమ్మిదింటికి గని ఎండ రాలే. తారీఖు ఎట్ల యాదున్నదంటవా? కాలేజీల చరిత్ర చదివినోన్ని, తారీఖులే మిగిలినయి నాకు. ఆ, సదానందం, నా దోస్తు. బొగ్గుబావిల మందుపెట్టి బొగ్గు పేల్చేటోడు. ముప్పై ఏండ్లు గా చప్పుడుకు చెవులు పోయినయి. రిటైరయినంక చిలకల పిచ్చి పట్టింది. మామూలు చిలకలు గాదు, భుజం మీద ఎర్రమచ్చ ఉంటది చూడు, గా పెద్దయి. "ఇంట్ల పెండ్లాం మొత్తుకుంటె ఇనబడది, అడివిల చిలక గావాలె ఈయనకు" అని మల్లవ్వ దెప్పేది. నాకేమో అప్పటికే కండ్లల్ల శుక్లాలు. చప్పుడు ఎటొస్తె అటు నేను ఆయన భుజం తట్టాలె, ఆయన దుర్బిన్ తిప్పాలె. "మీరిద్దరు గలిస్తె ఒక్క మనిషి" అని పడవాయన నవ్వేటోడు.

ఒడ్డుమీద ఎండిన ఏరుమద్ది చెట్టు ఒకటి. మూడేండ్లసంది దాని తొర్రలల్ల చిలకలు పిల్లలు చేస్తున్నయని సదానందం మాట. ఫారెస్టోళ్లు నరుకుడుకు దానికి నంబరేసిండ్రు. ఈయన పోయి రేంజర్ సాబును బతిలాడి పడవెక్కిచ్చిండు. సాబ్ మర్యాదస్తుడే, పాపం. దారిల నీటికుక్కలు కనబడ్డయి, కొండెంగలు కొమ్మలిరగ్గొట్టుకుంట ఉరికినయి, ఇసుకల మొసలి పండుకుంటె నేను దుంగ అన్న. అన్నీ కనబడ్డయి, చిలక తప్ప. మద్ది కింద పడవ ఆపి గంట కూసున్నం. సాబ్ లేచి, "కాకా, సుకా ఝాడ్ ఆహే. ఏక్ పణ్ పోపట్ నాహీ" అన్నడు. ఎండిన చెట్టు, ఒక్క చిలక లేదు అని. ఇగ రేపు కొట్టేస్తమన్నడు. సదానందానికి మాట ఇనబడలే గని సాబ్ మొఖం చూస్తె సమజయింది. గప్పుడు ఏం జేసిండంటవ్! బావిల మందు ముట్టిచ్చే ముందు అందరు బయటికి పొమ్మని మూడుసార్లు ఈల ఊదుతరు. గా ఈల ఇంకా మెడలనే ఉంటుండె. ఏం తోచక ఊదిండు. ఒకటి, రెండు, మూడు! "ఓరి నీ పాడుగాను, ఉన్నయి గూడ పోతయి గదనే!" అని నేను మొత్తుకున్న. ఆగు, నవ్వకు. ఒక తొర్రలకెళ్లి ఎర్రముక్కు. పైన ఇంకోటి. పక్కన ఇంకోటి. గుడ్ల మీద కూసున్న ఆడచిలకలు, సాబ్ లెక్కవెడితె ఏడు, నల్లా వచ్చిందంటె కిటికీలల్లకెళ్లి తొంగిచూసే ఆడోళ్ల లెక్క! ఏం లొల్లి, ఏం లొల్లి! సదానందం నా చెయ్యి పట్టి ఊపుతుండు: "ఏమంటున్నయే? ఏమంటున్నయి?" "నీ అయ్యను తిడుతున్నయి!" అని చెవుల అరిచిన. మనిషి పడవల ఎగిరిండు. సాబ్ గక్కడ్నే నరుకుడు లిస్టు కాయితం దీసి చెట్టు నంబరు కొట్టేసిండు.

ఆయన పోయి ఏడేండ్లాయె. ఇల్లు కొడుకు నాగేష్‌కు వచ్చింది, పింఛను మల్లవ్వకు, దుర్బిన్ బిడ్డ వనితకు. మద్ది చిలకలకే ఉన్నది. నాకా? నాకేం రాలే. ఒక్కన్ని పోబుద్ధి గాక పడవెక్కుడే బందువెట్టిన. ఆ కిటికీ పెట్టు, దోమలొస్తున్నయి.