గౌరయ్య ఆరేసిన ఒత్తులు

బోరింగు కోసం నేను తెలుగులో టైపు చేసిన అర్జీ షామీర్‌పేటలో ప్రింటు తీస్తే అన్నీ డబ్బాలు, వంకర గీతలు వచ్చాయి. మేడ్చల్‌లో నా టైపింగ్ షాపు ప్రింటర్ పాడై, లాల్‌గడి మలక్‌పేట్ గౌరయ్యకు ఫ్లాపీ ఇచ్చి పంపాను. షామీర్‌పేట షాపువాళ్లు ఫోన్ చేయగానే బస్సెక్కాను. ఐదింటిలోపు అర్జీ మండలాఫీసులో పడకపోతే గౌరయ్య వాళ్ల వాడకు ఆ ఏడు బోరింగు రాదు.

నేను దిగేసరికి ఆఫీసు ఎదుటి చాయ్ హోటల్లో గౌరయ్య, సంకలో కవరు పెట్టుకుని కూర్చున్నాడు.

"పరేషాన్ గాకు పద్మజమ్మా, నేనే సాఫ్ జేసిన! కంప్యూటర్‌ను రెండు సరిస్తే సగం అక్షరాలు సక్కగైనయ్. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఒత్తులన్ని జలజల రాలినయ్. తువాలల మూటగట్టి, చెరువుల కడిగి, కట్ట మీద ఆరేసిన."

"ఒత్తులనా?" అంది హోటల్ రాధమ్మ.

"మరి వడ్లనా? గంతల్నే గాలి లేసింది. గుడిదీర్ఘాలన్ని బౌరంపేట్ దాక ఎగిరినయ్, ఉరికి పట్టుకొచ్చిన. ఒక కొమ్మును బొచ్చె చేప మింగింది. నీళ్లల్ల దునికి దాని నోట్లకెల్లి గుంజితే మూడు మూరలు సాగింది! సుట్టజుట్టి తెచ్చి ప్రింటర్ల వెడితే, అర్జీ తనను తనే గట్టిగ సదువుకుంట బయటికొచ్చింది. ఆఫీసుల సారు లేసి నిలవడ్డడు!"

బెంచీ చివర వాళ్ల వాడ విజయమ్మ ఉంది. అర్జీ మీద మొదట పడాల్సిన వేలిముద్ర ఆమెదే. లేచి కవరు గుంజుకుని కాగితం విప్పింది.

"గౌరన్నా, నాకు సదువు రాదు గని తెలుగు మొఖమైతే ఎరికే. గిది తెలుగు గాదు. ఏదీ, పై లైను సదువు."

గౌరయ్య చల్లారిన చాయ్‌ని ఊదాడు. "ఆఫీసుల అర్జీలు ఎవలు సదువుతరు చెల్లె..."

హోటలంతా నవ్వింది. నేను నవ్వలేదు. కోతలు గౌరయ్యవి, తప్పు నాది. ఫ్లాపీలో అర్జీ ఎక్కించాను, ఫాంట్ ఎక్కించలేదు. షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు, ఇక అక్షరాలెలా వస్తాయి? షాపుకెళ్లి, సంచిలో తెచ్చిన రెండో ఫ్లాపీ నుంచి ఫాంట్ ఎక్కించాను. మళ్లీ ప్రింటు తీసి, విజయమ్మ వేలిముద్ర వేయించి, ఐదుకు పది నిమిషాలుండగా అర్జీ ఇచ్చాం.

ఫాంట్ లేకుండా ఏ ఫైలూ నా గడప దాటకూడదని తిరుగు బస్సులో అనుకున్నాను. ఆ తర్వాత పదేళ్లు షాపు నడిపాను. ఒక్కటీ దాటలేదు.