గెట్టు పంచాయితిల ఎస్తేరమ్మ సాక్ష్యం

“అవ్వా, మీ అత్తను ఊరంత ‘సాక్ష్యం ఎస్తేరమ్మ’ అంటుండిరంట గద. ఎందుకు?”

ఎవరు చెప్పిండ్రే నీకు? మీ నాయననా? వానికేం తెల్సు, వాడు అప్పటికి నా కడుపుల ఉండె. ఆగు ఆగు, వాడు గాదు, మీ పెద్దత్త. మీ పెద్దత్త కడుపుల ఉండె, నెలలు నిండనీకె వచ్చినయ్. అందుకే నేను కూలికి పోకుండ ఆ పంచాయితి మొత్తం కండ్లార చూసిన.

ఆ ఫోను జర ఇటు జరుపు, నా గొంతు ఎక్కాలె గద. మా అత్త గొంతుకైతే ఫోను అక్కర్లే. ఆమె ఇటిక్యాల కాడ తుమ్మితె గద్వాలల ఉన్నోళ్లు ‘చిరంజీవ’ అనేటోళ్లు. నవ్వకు. నేను చెప్పేదాంట్ల పదోవంతు నిజమైతే ఉంటది. ఆ పదోవంతు దేవునికి, మిగిలింది నీకు.

మా అత్తకు చదువు రాదు. బైబులు తలకిందులు పట్టుకున్నా ఆమెకు ఒక్కటే. గాని ఆదివారం నాడు సాక్ష్యం చెప్పుమంటె చాలు. అదే, దేవుడు నాకు ఫలానా మేలు చేసిండని లేచి నిలబడి చెప్తరు చూడు, అది. అందరు రెండు ముక్కలు చెప్పి కూసుంటరు. ఈమె లేస్తె తాను పుట్టినకాడి నుంచి అందుకుంటుండె. పాస్టరు గారు గద్వాల నుంచి సైకిలు మీద వస్తుండె, నున్నగ గీసుకోని వచ్చేటోడు, ఈమె సాక్ష్యం అయిపోయేసరికి ఆయన గడ్డం బొడ్డు దాక దిగుతుండె.

నాకు మా నాయన రూతు అని పేరు పెట్టిండు. బైబుల్ల రూతు అత్తను ఇడువకుండ ఆమె ఎంబడే పోయింది గద, అందుకని. పేరు పెట్టినాయనకేం, ఈ అత్తతోటి కాపురం చేసింది నేను. ఎన్నిసార్లు మూట గట్టుకున్ననో. మూట గట్టుకున్న ప్రతిసారి ఆమె ఆ మూటల ఇంత రొట్టె గూడ పెట్టేది, తొవ్వల తినుమని. ఇగ యాడికి పోత?

దేవునికి ఇచ్చుట్ల గూడ అంతే. కోడి పొదిగితె మొదటి పిల్ల దేవునిది, తీగ కాస్తె మొదటి గుమ్మడికాయ దేవునిది. కూలికి జొన్నలు తెస్తె ఇంట్ల మనిషి కంటె ముందు దేవునికి కొలిచేది. ఒకనాడు నవ్వులాటకు అన్న, అత్తా, నాకు పుట్టే మొదటి బిడ్డ గూడ దేవునిదేనా, అయితే రాత్రి ఏడిస్తె ఆయననే ఎత్తుకోమను అని. ఆదివారం వచ్చేదాక నాతోటి మాట్లాడలె. పెండ్లికి తల్లిగారు పెట్టిన వెండి కడియాలుంటుండె ఆమెకు. అవి తీసి ఇచ్చి ప్రార్థనకు కర్నూలు నుంచి గంట తెప్పించింది. ఎంత గంట అనుకున్నవు, బండెడు. సరే, బండెడు గాదు, చెంబంత. గాని అది మోగితె ఆమె తన కాళ్ల దిక్కు చూసుకునేది, కడియాలు మోగినట్టు.

గంటైతే ఉంది, గుడి యాడిది? పటేలు పాత గడ్డికొట్టంల చేసుకునేటోళ్లం ప్రార్థన. పటేలు అంటె ఊర్ల సగం భూమి ఆయనదే. ఆయన మీసాల మీద నిమ్మకాయలు గాదు, రెండు గుమ్మడికాయలు నిలవెట్టొచ్చు. కొట్టం ఊరికే ఇచ్చిండనుకోకు. ప్రార్థనకు పోయేటోళ్లు కల్లు తాగరు, సోమవారం పొద్దుగాల్నే పనికి వస్తరు, అది ఆయన లెక్క. మా గేరి, మా వాడోళ్లమంత ఆయన చేన్లనే చేస్తుంటిమి. ఏదైనగాని నెత్తి మీద నీడ ఇచ్చిండు గద. మా అత్త ఆ కొట్టాన్ని కన్నబిడ్డ తీరుగ చూసుకునేది. శనివారం శనివారం అలికి ముగ్గేసేది.

మా గేరి చివర ఖాసిం సాబ్ ఇల్లు. ఎడ్లబండి తోలేటోడు. అందరి ఆముదాలు, జొన్నలు గద్వాల అంగడికి ఆయన బండిలనే పోవాలె. పెండ్లాం పేరు బూబమ్మ. మా అత్త ఆయన్ను గూడ ఇడువలె. ఆయన ఇరుసుకు కందెన పెడుతుంటె ఈమె పోయి పక్కన నిలబడి యేసయ్య సంగతి ఎత్తుకునేది. పాపం ఆయన గూడ అంత వింటుండె. అంత విని, అక్కా, నా ఎద్దులు గూడ విన్నయి, ఇగ కదులుతమా మరి అనేటోడు. ఈమెకు కోపం రాకపోయేది. ఎద్దులన్న విన్నయి, మా ఇంట్లోళ్లు అది గూడ వినరు అని మా మామ దిక్కు చూసేది.

ఆ ఖాసిం సాబ్‌కు జానెడు చెలక భూమి ఉండె, పటేలు చెలక పక్కన. నడుమ గెట్టు, గెట్టు మీద హద్దురాయి. ఒక ఎండకాలం ఏమయ్యిందంటె, ఆయన దుక్కి దున్ననీకె పోతె గెట్టు లేదు, రాయి వచ్చి ఆయన చెలకల నిలబడ్డది. బండి తిరిగేంత జాగ పటేలు దిక్కు పోయింది. పటేలునడిగితె, ఆ రాయి మా తాత కాలం నుంచి ఆడనే ఉందన్నడు. ఖాసిం సాబ్ ఊకోలే, పంచాయితి పెట్టిండు.

మా అత్త చూసింది బిడ్డా. అది సంగతి. పొయ్యిలకు కట్టెలేరనీకె తెల్లారకముందే పోయిన్నాడు, పటేలు జీతగాళ్లు గడ్డపారలతోటి ఆ రాయిని పెకిలించి మోసుకపోయి ఖాసిం చెలకల పాతుతుంటె చూసింది. ఇంటికొచ్చి మా మామకు నాకు చెప్పింది. మా మామ, నువ్వు కట్టెలు చూసినవు, రాయి చూడలె, ఇంకెవ్వరికి చెప్పకు అన్నడు.

ఇగ పంచాయితికి ముందటి దినం పటేలు సొంతంగ మా వాకిట్లకు వచ్చిండు. అప్పటిదాక ఆయన చెప్పులు మా గేరి మన్ను ఎరుగయి. “ఏమే ఎస్తేరీ, రేపు చావిడి కాడ నువ్వు సాక్ష్యం చెప్పాలె” అన్నడు, అంతే, పోయిండు. ఈమె ఏండ్ల తరబడి ఆ చెలకల పని చేస్తది, రాయి మొదటి నుంచి ఆడనే ఉందంటె అందరు నమ్ముతరు. నా కూలిమనిషి, నా కొట్టంల ప్రార్థన చేసుకుంటది, నేను చెప్పిందే చెప్తది. అది ఆయన ధైర్యం. ఆమె చూసిన సంగతి ఆయనకు తెల్వదు.

మా అత్త ముఖం చూడాలె నువ్వు. పున్నమి చంద్రుడు అటు తిరిగి పండుకోవాలె. కోడలా, పటేలు మనసును దేవుడు ముట్టిండు, నా సాక్ష్యం అడిగిండు, ఊరందరి ముందర అంటది. అత్తా, అది ఆ సాక్ష్యం గాదు, గెట్టు సాక్ష్యం అన్న నేను.

“సాక్ష్యమంటె సాక్ష్యమే. అది గూడ రెండు రకాలుంటదా?” అన్నది.

మా మామ తల పట్టుకున్నడు. రాయి సంగతి అడిగితె తెల్వదను, నీకు దండం పెడుత, లేకుంటె కొట్టం పోతది, ప్రార్థన పోతది అన్నడు. ఆమె వింటేగద. రాత్రంత పెట్టె అడుగున ఉన్న తెల్లచీర తీసి చేత్తోటి మడతలు సాపు చేసుకుంట కూసున్నది. ఆమెకు నిజంగ తెల్వకనా, అంత తెల్సే గట్ల చేసిందా అంటె, ఇంత వయసొచ్చినా నాకు తెల్వదు.

తెల్లారి చావిడి కాడికి పోయినం. ఎప్పుడు కింద మన్నుల నిలబడేటామె ఆ దినం మెట్టెక్కింది. తెల్లచీర, సంకల బైబులు. పెద్దమనుషులు నోర్లు తెరిచిండ్రు. ఈమె రెండు చేతులు జోడించి, ప్రభువు పేరట మీ అందరికి వందనాలు అని మొదలువెట్టింది.

ఇగ సూడు. వాళ్ల నాయన తాగుడు, ఆమె పుట్టినప్పటి కరువు, తాగిన అంబలి, వచ్చిన జరాలు, కృష్ణల బాప్తిస్మం తీసుకున్ననాడు కాలు పట్టిన ఎండ్రకాయ, ఒక్కటి ఇడువలె. ఒక పెద్దమనిషి గురక పెట్టవట్టె. చావిడి ముందర ఒక బర్రె, ఈమె మొదలువెట్టినప్పుడు చూడితోటి ఉండె, కొంచెం సేపైనంక చూస్తె దూడ పాలు తాగుతుంది, దేవుని తోడు. తోడు అనొద్దంటడు పాస్టరు. సరే, ఆ మాట తీసెయ్యి. ఆఖరికి పటేలే ఓర్సుకోలేక, ఇదంత యాడిదే, గెట్టు సంగతి చెప్పు అన్నడు.

“ఆడికే వస్తున్న పటేలా. గెట్టు గూడ నా సాక్ష్యంలనే ఉంది. అంతకుముందు నాకు అబద్ధం అన్నం తిన్నంత అలకగ ఉండె. దేవుణ్ణి నమ్ముకున్నకాడి నుంచి నాలుక తిరుగుత లేదు. మొన్న కట్టెలకు పోయిన్నాడు మీ జీతగాళ్లు ఆ రాయి పెకిలించి ఖాసిం చెలకల పాతిండ్రు. నేను రాయిని చూస్తున్న, దేవుడు నన్ను చూస్తుండు. ఇద్దరం చూసినం. దేవునికి స్తోత్రం. అందరు ఆమెన్ అనుండ్రి.”

అప్పుడు వెనకాల నుంచి ఖాసిం సాబ్ గట్టిగ “ఆమీన్” అన్నడు. వాళ్ల దాంట్ల గూడ అదే మాట గద. ఆ ఎంబడే సాయిబులంత ఆమీన్ అనిరి, గురక పెట్టేటాయన ఉలిక్కిపడి లేచి ఆయన గూడ ఆమెన్ అన్నడు. ఇగ పెద్దమనుషులు ఏం తీర్పు చెప్తరు? అందరు ఆమెన్ అన్నంక అయిపోయె. రాయి పాతచోటికే పోయింది. పటేలు కండువ దులుపుకోని లేచిపోయిండు, ఒక్క మాట అనలె. తిడితె బాగుండు అనిపించింది నాకు.

మళ్ల ఆదివారం పోతె కొట్టానికి తాళం. సందుల నుంచి చూస్తె లోపల నిండ జొన్నచొప్ప కుక్కిండ్రు. గంట గూడ లోపల్నే. మా సంఘపెద్ద యోహాను తాత, మంచోడే, గాని ఆ దినం ఆయన నోటికి మూత లేదు. బండెడు జాగ కోసం, అది గూడ మనది గాదు, దేవుని ఇల్లు పోగొట్టినవు, నీ సాక్ష్యం నువ్వే తిను అన్నడు. అందరు ఎవరింటికి వాళ్లు పోయిరి. ఆమెను దాటుకోనే పోయిరి, పలకరియ్యలె.

మా అత్త మా వాకిట్ల కింద కూసోని కాళ్లు చాపుకోని ఆ ఉత్త కాళ్లనే చూస్తుంది.

“కోడలా, నేను తప్పు చెప్పిన్నా?” అన్నది.

అబద్ధమైతే చెప్పలె గద అత్తా అన్న. అబద్ధం చెప్పలె, గాని ఇగ వీళ్లంత యాడ మోకరిస్తరు అన్నది. ఆమెతోటి కొట్లాడి కొట్లాడి అలవాటైనదాన్ని, ఓదార్చుడు నాకేం తెల్సు? పక్కన కూసున్న, అంతే.

అంతల గేరి చివర ఏందో దుమ్ము లేస్తుంది. చూస్తె ఖాసిం సాబ్ తన బండ్లకొట్టంల నుంచి ఎద్దుల్ని ఇడిపించి బయట ఎండల కట్టేస్తుండు. బూబమ్మ పేడ ఎత్తి పోస్తుంది, ఊడుస్తుంది, ఇంట్ల ఉన్న దుప్పట్లన్ని తెచ్చి పరుస్తుంది. పెండ్లి దుప్పటి గూడ. ఊడ్సుడైనంక ఆయన చేతులు కడుక్కోని, నెత్తి మీద రుమాలు సరిచేసుకోని, మా వాకిట్లకు వచ్చిండు.

“అక్కా, మా కొట్టం ఖాళీ చేసిన. మీ దేవుడు పుట్టింది కొట్టంలనే అని నువ్వే చెప్పినవు గద. మా కొట్టం ఏం పాపం చేసింది, రాండ్రి.”

చూసినవా. ఎద్దులు విన్నయి అనుకున్నం, ఆయన గూడ విన్నడు.

మా అత్త లేవబోయి లేవలేకపోయింది, నిండుచూలాలిని నేను పట్టి లేపిన. ఇంటింటికి పోయి అందర్ని పిలిచింది. యోహాను తాత, సాయిబు కొట్టంల ప్రార్థన ఏందని జర గునిసిండు. బూబమ్మ ఊకుంటదా. ఏం తాతా, మా బండిల పండుకోని దవాఖానకు పోయిన్నాడు అది సాయిబు బండి అని తెల్వదా అన్నది. తాత నవ్విండు, వచ్చిండు. కానుకలు పట్టనీకె తట్ట లేకపోతె బూబమ్మ రొట్టెల గంప ఇచ్చింది. మేము పాడుతుంటె ఆమె బయట ఎద్దుల పక్కన కూసోని విన్నది.

రేకుల గుడి కట్టుకునేదాక ఆ కొట్టమే మా గుడి. బండి ఆదివారం నాడు అంగడికి పోతె పైసలొస్తయి, అయినా మాకు కొట్టం ఊడ్సి పరవనీకె ఆయన పొద్దుగాల బండి కట్టలె. గంటనా? పటేలు పోయినంక ఆయన కొడుకు తెచ్చి ఇచ్చిండు, దుమ్ము గూడ తుడవకుండ.

ఖాసిం సాబ్ నమ్ముకున్నడా అంటవా. లేదు బిడ్డా. ఆయన నమాజు ఆయన చేసుకున్నడు ఆఖరి దాక. మా అత్త చెప్పుడు ఆపలె, ఆయన వినుడు ఆపలె. ఒకసారి కొత్త పాస్టరు వచ్చి, ఇన్నేండ్లు చెప్పినా మారలేదా అమ్మా ఆయన అని అడిగిండు. మా అత్త చాటల జొన్నలు చెరుగుతుంది, తల గూడ ఎత్తలె. నేను చెప్పేది చెప్తున్న అయ్యగారూ, ఆయన ఇచ్చేది ఇస్తుండు, ఎవరు మారాలెనో దేవునికి తెల్సు అన్నది.

ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవు? నేను నవ్వనీకె గద చెప్పింది. ఇటు రా, తల వంచు. నీ నాలుకకు అబద్ధం అబ్బకుండాలె బిడ్డా. మాలాంటి ముసలోళ్లు చెప్పే గింత గింతయి వేరే, అవి లెక్కకు రావు. నిజం చెప్పిన్నాడు నువ్వు ఒంటరిగ కూసోవాల్సి వస్తె, ఎవరో ఒకరు ఎద్దుల్ని బయట కట్టేసి నీకు జాగ చేయాలె. దేవుడు నిన్ను సల్లగ... ఇంకా ఎక్కుతుందా అది ఫోన్ల? ఆపేయ్, ఆపేయ్, రొట్టెలు సల్లారిపోతున్నయి...