రాత్రి వరస

భన్‌పురిలో ఒక అద్దె గది. నర్సు డ్యూటీ నుంచి వచ్చిన తల్లి చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలింది. హిందీ బడిలో మూడో తరగతి చదివే కూతురు పక్కనే కూర్చుంది.

“మమ్మీ, లెక్కల్లో గుణా, భాగ్, అదే గుణకారం, భాగహారం, రెండూ వరసలు పేర్చి చెయ్యమంది మేడమ్. ఇంట్లో గింజల్లేవు.”

“నా బ్యాగులో షుగర్ బిళ్ళల షీటుంది, తీసుకో. ఎన్ని వరసలు?”

“రెండు. వరసకి ఐదు. మొత్తం పది.”

“పై వరస పొద్దుటికి, కింది వరస రాత్రికి. ఎన్ని రోజులకొస్తాయి?”

“ఐదు రోజులు. మమ్మీ, ఇది పోయిన ఆదివారం చర్చి నుంచి వస్తూ కొన్నదే కదా?”

“ఊఁ.”

“మరి ఒక్కటీ తియ్యలేదేం?”

“వార్డులో అందరిచేతా బిళ్ళలు మింగించేసరికి నా సంగతి మర్చిపోతున్నానే.”

“లే మమ్మీ, అన్నం తిను. రాత్రి వరసలోంచి ఒకటి తీసి పట్టుకున్నా.”