నాలుగు వందల పన్నెండు

కామాటిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తిరిగిన పాత చాల్ రెండో అంతస్తులో ఒక ఖోలీ, ఒంటి గది ఇల్లు. పంతొమ్మిది వందల ఎనభై ఆరు, శ్రావణంలో ఒక గురువారం మధ్యాహ్నం. ఒకప్పుడు వంద మంది బిల్డింగు కూలీల మీద ముకాదంగా పెత్తనం చేసిన రాజమల్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అప్పట్లో అతని కింద సున్నం తట్టలు మోసిన రత్నాబాయి గడపలో నిలబడి ఉంది, చేతిలో మడిచిన కాగితంతో.

"లోపలికి రావొద్దంటున్న. ఏం చెప్పేదున్నా అక్కణ్నే ఉండి చెప్పు."

"అక్కణ్నే ఉన్న ముకాదం. నువ్వు రమ్మన్నా రాను."

"ఆదివారం పంచాయితి ఉన్నది. నీ మాటలేమన్నా ఉంటే ఆడ చెప్పుకో. శంకర్రావు పెద్దమనిషి, ఆయన ముందట చెప్పుకో."

"ఆడ చెప్పేదే. నీకు ముందుగాల చెప్తున్న. మంచితనమనుకో."

"నా కొడుకును మింగినదానికి మంచితనమొకటి."

"నేను మింగిన్నా?"

"హోళి నాడు మంచిగ లేచిండు గంగారాం. రెండు బకెట్లు పట్టుకొని నీళ్లకు పోయిండు. వచ్చేటప్పుడు మెట్ల మీద కూలిండు. ముప్పై ఒక్క ఏండ్లు. జరం లేదు, దగ్గు లేదు. గడప కింద చూస్తే నిమ్మకాయ, పసుపు. ఇంకేం కావాలె?"

"హోళి నాడు ఈ గల్లీల నిమ్మకాయ దొరకని గడప ఏది?"

"నవ్వకు."

"నవ్వుతలేను."

"శవం లేస్తుంటే నువ్వు నళ్ల కాడ నిలబడి చూసినవ్. కండ్లల్ల సుక్క నీరు లేదు. అందరు చూసిన్రు."

"చూసిన. నాకు ఏడ్పు రాలే. ఏడ్పు రాకుంటే చేతబడి చేసినట్టా? అయిదు నెలల సంది పక్క ఖోలీ మల్లవ్వ నా బిందెను నళ్ల కాడికెల్లి నెట్టేస్తున్నది. నా కొడుకు సైదులును చూస్తే పిలగాండ్లు ఉరుకుతున్నరు. ఇప్పుడు మమ్మల్ని చాల్‌ల నుంచే ఎళ్లగొడ్తరట."

"చేసుకున్నదానికి అనుభవించు."

"సరే. ఈ కాగితం చూడు."

"నాకు చదువు రాదని నీకు తెల్వదా?"

"నాకూ రాదు. ఇనీ ఇనీ నోటికొచ్చింది. ఇది నా సైదులు నెత్తురు రిపోర్ట్. దాదర్‌ల తీసిన్రు. నెత్తురుల కొవ్వు ఉంటదట ముకాదం, కొలెస్ట్రాల్ అంటరు. రెండు వందలు దాటొద్దట. సైదులుకు నాలుగు వందల పన్నెండు."

"అయితే? డాల్డా మానుమను. నాకెందుకు చెప్తున్నవ్?"

"డాక్టర్ గూడ ముందు గదే అనుకున్నడు. సైదులు మూడంతస్తులెక్కితే ఛాతిల పట్టుకుంటున్నదని తీస్కపోతే, తిండి సంగతి అడిగిండు. రొట్టె, పప్పు అన్న. భేజా తింటడా, కలేజీ తింటడా, గుడ్లు ఎన్ని? ఎప్పుడన్న ఒకనాడు అన్న. బీడీలు? ముట్టడు. షుగర్ లేదు, బీపీ లేదు. వయసు ఇరవై ఏడు. ఒక్కొక్కటి రాసుకున్నడు. అన్నీ రాసి, పెన్ను కింద పెట్టి, తిండితోని ఇంత పెరగదవ్వా, ఇది పుట్టుకతోని వచ్చింది అన్నడు."

"పుట్టుకతోనా."

"అంగీ చేతులు మడువుమన్నడు. మోచేతుల మీద పసుపుపచ్చగ గడ్డలు, రేగుపండ్లంత. మడమ వెనక నరం బొటనవేలంత లావు. కంట్ల నల్లగుడ్డు సుట్టూ తెల్ల గీత. అన్నీ చూసి అడిగిండు, తల్లి దిక్కుకెల్లా, తండ్రి దిక్కుకెల్లా అని."

"డాక్టర్లు శానా అడుగుతరు."

"నా నెత్తురు తీసిన్రు. నూట డెబ్బై ఆరు. నాది సాఫ్."

"నాకు పండుకునే ఏళ అయింది."

"కిటికీ కాడ వెలుతురున్నది. చేతులు ఇటు చాపు."

"ఎందుకు?"

"చాపు ముకాదం. నేను ఎరగని చేతులా అవి?"

"పరంజాల మీద బతికిన చేతులు. పలకల మీద ఆనుకొని ఆనుకొని కాయలు కాసినయ్. ప్రతి మేస్త్రికీ ఉంటయ్."

"గంగారాం ఎన్నడు పరంజా ఎక్కలే. ఆఫీసుల ప్యూన్ కొలువు. ఆయన మోచేతుల మీద ఎట్ల కాసినయ్?"

"చిన్నప్పుడు సైకిల్ మీదికెల్లి పడ్డడు."

"రెండు మోచేతులా?"

"చూడు రత్నా..."

"ఆ పేరు ఇన్నేండ్లకు యాదికొచ్చిందా. సరే, డాక్టర్ అడిగినట్టే నిన్ను గూడ అడుగుత. వయసు?"

"నువ్వు నన్ను అడిగేదేంది?"

"యాభై ఎనిమిది. నాకు తెలుసు. బీడీలు?"

"దినానికో కట్ట. తగ్గించిన."

"తగ్గించి కట్ట. మటన్‌ల కొవ్వు ముక్కలు ఏరుకొని తింటుంటివి. ఇప్పుడు?"

"నోట్ల పండ్లు లేవు. మెత్తగుంటదని అవే తింట."

"ఛాతి ఎన్నడన్న పట్టుకున్నదా?"

"నలభై ఆరేండ్లప్పుడు. వాయువన్నరు. మూడు వారాలు దవాఖానల పన్న. బతికిన గద."

"నువ్వు బతికినవ్. మీ నాయిన ఎన్నేండ్లకు పోయిండు?"

"నలభై రెండో, మూడో. బాయి తవ్వుతుండంగ పోయిండు. మైసమ్మ పట్టిందన్నరు."

"మీ నాయినను మైసమ్మ పట్టింది. నిన్ను వాయువు పట్టింది. గంగారాంను రత్నాబాయి పట్టింది. మీ ఇంట్ల మొగోళ్లను ఎవరో ఒకరు పడ్తనే ఉంటరు. మీ నెత్తురు మాత్రం ఏ తప్పూ చెయ్యదు."

"ఏమంటున్నవ్ నువ్వు?"

"ఏమంటున్ననో నీకు సమజైంది. గంగారాంను నేను చంపలే, నిమ్మకాయ చంపలే. నువ్వు ఇచ్చిన నెత్తురు చంపింది. అదే నెత్తురు నా కొడుకుకు గూడ ఇచ్చినవ్. పంచాయితిల నిలబడి నాది కాదన్నవే, ఆ కొడుకుకు."

"మెల్లగ మాట్లాడు. పక్క ఖోలీల ఇనవడ్తది."

"ఇననియ్. ఆనాడు నువ్వు మెల్లగ మాట్లాడినవా? గల్లీ అంతా కూసుండంగ, తట్టలు మోసే బిగారి ఆడది, ఎవనికి కన్నదో నాకేం తెలుసన్నవ్. నా సంకల ఇరవై దినాల పిలగాడు. ఆ దినం సంది ఒక్క పెండ్లికి పిలవలే నన్ను, ఒక్క సావుకు పిలవలే. ఇస్కూల్‌ల తండ్రి పేరు అడిగితే సైదులు నా మొఖం చూసిండు. వాని మొఖం నేను చూడలే."

"నా పెండ్లాం ముత్తమ్మను, గంగారాంను అప్పుడే ఊరికెల్లి తెచ్చుకున్న. ఏం చెయ్యమంటవ్? సంసారం కూలుతుండె."

"ఎవలది కూలుతుండె?"

"సరే. సరే. ఇప్పుడేం కావాలె నీకు? సైదులుకు మంచి కొలువు చూపెడ్త. నా మాట ఇనేటోళ్లు ఇంకా ఉన్నరు."

"కొలువున్నది వానికి."

"మరి ఆదివారం చెప్త. చేతబడి లేదు, ఏం లేదు, నా కొడుకు గుండె ఆగి పోయిండని. రత్నాబాయిని ఏమనొద్దని. చాలా?"

"చాలదు."

"ఎందుకు చాలదు?"

"సాక్ష్యమేందని అడుగుతడు శంకర్రావు. ఏం చూపెడ్తవ్? గంగారాం నెత్తురు ఎవలూ తియ్యలే. కాల్చి బూడిద చేసిన్రు. ఉన్నది ఒక్కటే కాగితం, సైదులుది. సైదులు కాగితం గంగారాం సావుకు సాక్ష్యం కావాలంటే, సైదులు ఎవరి కొడుకో ముందు చెప్పాలె. నీ నోటితోని."

"అది నాతోని కాదు."

"అయితే నిమ్మకాయనే పట్టుకొని కూసో."

"ముసలితనంల ఇజ్జత్ తీస్తవా నాది? పోయినదాన్ని ఇప్పుడు తవ్వి ఏం సంపాదిస్తవ్?"

"నీ మొఖం ఇట్ల అయితుంటే చూసుడు. అది చాలు. ఇంకొక మాట గూడ ఉన్నది. డాక్టర్ అన్నడు, ఇది పిల్లలల్ల సగం మందికి వస్తదట. గంగారాంకు వచ్చింది, సైదులుకు వచ్చింది. గంగారాం కొడుకు ఆరేండ్లోడు, తల్లి బాలమ్మతోని పాలమూరుల ఉన్నడు. నీ బిడ్డ భూదేవి ఉన్నది. ఎవరికున్నదో, ఎవరికి లేదో, నెత్తురు తీస్తే గాని తెల్వది."

"నా బిడ్డ జోలికి రాకు."

"నేను రాను. అది వస్తది. ఏ డాక్టర్, ఏ గోళీ, నాకు తెలుసు. నీకు తెల్వది. నా కాగితం నాతోని పోతది. ఉంట మరి."

"ఆగు రత్నవ్వా. నేను గూడ ఇన్న."

రాజమల్లు కూతురు భూదేవి మెట్ల మీద నిలబడి ఉంది. పెళ్లయి ధారావిలో ఉంటున్న ఆమె ప్రతి గురువారం తండ్రికి వండి తెస్తుంది.

"నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"మోచేతుల మాట కాడ వచ్చిన నాయినా. డబ్బా పట్టుకొని బయటనే నిలబడ్డ."

"ఆమె మాటలు ఇనకు. కడుపు మంటతోని వచ్చింది. లోపలికి రా."

"నాయినా, నా మడమలు చూడు. చెప్పులు కరుస్తున్నయని మూడేండ్ల సంది అంటున్న. చెప్పులు మార్చిన, అయినా తగ్గలే. రెండు కాళ్లకు ఒకటే తీరు. ఇది చెప్పులతోని వచ్చింది గాదు."

"బిడ్డా..."

"సైదులు నీ కొడుకేనా?"

"మీ అమ్మ బతికుండంగ ఈ మాట..."

"అమ్మ పోయింది. అన్న పోయిండు. నేను అడుగుతున్న. హో కీ నాహీ, అవునా కాదా, ఒక్కటి చెప్పు."

"అవును."

"ఇంకొక్కసారి చెప్పుమను భూదేవీ. నాకు ఇనవడలే."

"రత్నవ్వా, చాలు."

"ఇరవై ఏడేండ్లు ఇనవడలే నాకు. ఇంకొక్కసారి చెప్పనియ్."

"అవును. సైదులు నా కొడుకే. నా నెత్తురే. ఆనాడు పంచాయితిల అబద్ధమాడిన. ఆదివారం అందరి ముందట అదే మాట చెప్త. రత్నాబాయి ఏం చెయ్యలే, ఆమెకు నేనే అన్యాయం చేసిన అని చెప్త. ఇగ చెప్పు రత్నా. నా బిడ్డకేమైతది?"

"కుర్చి ఏదన్న ఉంటే ఇటు జరుపు భూదేవీ. నడుం నొస్తున్నది. ఇప్పుడు కూసుంట."

"ఇదిగో, కూసో. నీళ్లు తాగు. నాకు గూడ ఉన్నదా రత్నవ్వా? అన్న తీరు మెట్ల మీద పడిపోతనా?"

"భయపడకు. నీకు ఎంతున్నదో నెత్తురు తీసినంక గాని చెప్పలేం. పొద్దుగాల ఏం తినకుంట పోవాలె. మందులున్నయ్. గోళీ ఏస్కుంటే అర్ధగంట మొఖం భగ్గున మండుతది, మిరపకాయ తీరు ఎర్రగైతది. అయినా మానొద్దు. గుడ్డుల పచ్చసొన బంద్, భేజా బంద్, డాల్డా బంద్. సైదులు అట్లనే చేస్తున్నడు. నాలుగు వందల పన్నెండు ఉన్నది రెండు వందల తొంభైకి దిగింది. ఇప్పుడు మూడంతస్తులు ఎక్కి దిగుతున్నడు."

"అంటే ముందుగాల తెలిస్తే..."

"ముందుగాల తెలిస్తే కాపాడుకోవచ్చట. అందరినీ అని గాదు. శానా మందిని."

"నా బిడ్డను గూడ తీస్కస్త. నాలుగేండ్లది. వదినెకు ఉత్తరం రాస్త, అల్లుణ్ని తీస్కొని రమ్మని. రేపు నువ్వు మాతోని వస్తవా చిన్నమ్మా?"

"ఏమన్నవ్?"

"చిన్నమ్మా అన్న. సైదులు నాకు అన్న గద. మరి నిన్నేమనాలె?"

"వస్త. రేపు ఏడు గొట్టంగ కింద నిలబడు. కాగితం నీ కాడనే పెట్టుకో, డాక్టర్‌కు చూపెట్టాలె. పారేయకు."

"ఏదీ, ఇటియ్. ఇస్కూల్‌ల ఏడు దాక చదివిన, అంకెలు చదవొస్తయ్. ఇదిగో నాయినా, చార్ సౌ బారా, ఇక్కడ రాసిన్రు. ఇక్కడ సైదులన్న పేరు. ఇది తారీఖు. చౌదా అక్టోబర్..."

"ఏమైంది బిడ్డా? ఆపినవేంది?"

"ఇది పోయిన ఏడాది కాగితం నాయినా. దసరా ముందటిది."

"దసరాకా? గంగారాం పోయింది హోళికి."

"అయిదు నెలల ముందటిది. చిన్నమ్మా, తోడబుట్టినోళ్లకు గూడ రావొచ్చని డాక్టర్ ఎప్పుడు చెప్పిండు? ఈ మధ్యన చెప్పిండా?"

"లేదు. కాగితం ఇచ్చిన దినమే చెప్పిండు. వానికి అన్నదమ్ములుంటే పోయి చెప్పు, ఆలస్యం చెయ్యకు అన్నడు."

"మరి నిన్ను రానియ్యలేదా? నాయిన ఎళ్లగొట్టిండా? ఎవలన్న అడ్డమొచ్చిన్రా చిన్నమ్మా? చెప్పు, ఎవలో ఒకరు అడ్డమొచ్చే ఉంటరు."

"ఎవలూ అడ్డం రాలే. కాగితం కొంగుల కట్టుకొని మర్నాడే వచ్చిన. మీ నాయిన పాలమూరుకు పోయి ఉండె, బాలమ్మ బజారుకు పోయింది. తలుపు గంగారామే తీసిండు. లోపలికి రా అవ్వా అన్నడు. ఈ ఇంట్ల నన్ను లోపలికి రమ్మన్నది ఆయనొక్కడే. చాయ్ తనే పెట్టి తెచ్చిండు. కప్పు అందిస్తుంటే అంగీ చెయ్యి మీదికి జరిగింది, మోచెయ్యి చూసిన. మొత్తం తాగిన. చాయ్ మంచిగుంది బిడ్డా అన్న, కాగితం తియ్యకుంటనే లేచి మెట్లు దిగి పోయిన."