రోడ్డు దాటించిన సైటు

బావ వరండాలో కథ మొదలుపెట్టాడంటే చుట్టుపక్కల కుర్చీలన్నీ అటే జరుగుతాయి. టైలరు కుర్చీ కిర్రుమంది, మేడమీది మాస్టారి కుర్చీ కూడా. బామ్మర్ది మాత్రం కదల్లేదు. అతనికి పుట్టుకతోనే చూపు లేదు. తెరమీద ఏముందో ఫోను చదువుతుంటే ఇయర్‌ఫోనులో వింటూ రేడియోలో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్నాడు. అయిదింటితో గడువు సరి. ఆ దరఖాస్తు ఉన్న వెబ్‌సైటు తయారుచేసింది బావే.

"మొదట్లో నేనేం పెద్దగా చెయ్యలేదండీ, చూపులేనివాళ్ల కోసం, ఫోను చదివి చెప్పేలా సైటులో బొమ్మలకి పేర్లు పెట్టానంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడే ఒకాయన ఫోన్ చేసి ఒకటే ఏడుపు, 'బాబూ, బొమ్మలన్నీ కళ్లకి కట్టాయి' అని!"

"అబ్బో!" అన్నాడు టైలరు.

బామ్మర్ది వేలు కిందికి జరిగింది. "బటన్," అంది ఫోను. ఇంకాస్త జరిపాడు. "బటన్."

ఒకటి పంపేది, ఒకటి మొత్తం చెరిపేసేది అని పైన రాసుంది. ఏది ఏదో చెబితే కదా! పొరపాటున చెరిపితే మళ్లీ నింపే టైము లేదు. అడుగుదామంటే, గుమ్మంలోంచి అక్క మురిసిపోతూ నవ్వడం వినబడుతోంది.

"ఇక చెవిటివాళ్ల కోసం వీడియోల కింద అక్షరాలు వేశానా, పక్క ఊరివాళ్లు మేడలెక్కి చదువుకున్నారు! చేతులు కదలనాయన ఒక్క తుమ్ము తుమ్మితే ఫారం దానంతటదే వెళ్లిపోయింది! అదీ వదిలెయ్యండి. ఒకరోజు కరెంటు పోయింది. మేమంతా దిక్కులు చూస్తుంటే సైటు లేచి, చూపులేని ముసలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఇంటిదగ్గర దిగబెట్టి వచ్చింది!"

"చెప్పులేసుకుని వెళ్లిందా?" అన్నారు మాస్టారు.

అందరూ గొల్లుమన్నారు. "గడువు దగ్గర పడింది," అంది ఫోను. బామ్మర్ది ఫోనులోంచి ఇయర్‌ఫోను లాగేశాడు.

"బటన్," అని వరండా అంతా వినిపించింది. "బటన్."

నవ్వులు ఆగిపోయాయి.

"బావా, రోడ్డు దాటించిందన్నావే, ఆ సైటుని ఒక్కసారి ఇలా పిలువు. వీటిల్లో పంపేది ఏదో అడుగుతాను."

"ఇలా తే, నేను చూసి చెప్తా," అని బావ ఫోను పట్టుకున్నాడు.

బామ్మర్ది వదల్లేదు. "నాకు చెప్తావు సరే. నాలాంటి మిగతావాళ్ల ఇళ్లకి కూడా వెళ్లి చెప్తావా?"

"పైది నొక్కరా," అన్నాడు బావ, తెర మీదికి వంగి.

బామ్మర్ది నొక్కాడు.

"దరఖాస్తు అందింది," అంది ఫోను.

బామ్మర్ది గోడకి జారగిలబడ్డాడు. అప్పుడు అక్క అడుగులు లోపలికెళ్లి తిరిగొచ్చాయి. బావ ఒళ్లో లాప్‌టాప్ బరువుగా పడింది.

"కథ రేపు చెబుదురుగాని," అంది. ఆ గొంతులో నవ్వు లేదు. "గడువింకా కాస్త ఉంది, వీడిలాంటివాళ్లు ఇంకెవరు నింపుతున్నారో. ముందు ఆ రెండు బటన్లకీ పేర్లు పెట్టండి."