తలుపు పిడి వెనక గీతలు

అక్టోబరు చివర, దిమిత్రి పండుగ మర్నాడు, బల్గేరియాలోని వ్రాత్సా పట్నంలో కార్లకు మైనం పూసేవాడు ఒక పాత నీలం కారు కుడి తలుపు ముందు చతికిలబడ్డాడు. ఇంకో వారంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కారాయన పక్కనే నిలబడ్డాడు.

“అన్నా, పిడి వెనక అన్నీ గీతలే. ముందు పాలిష్ పట్టనా? అద్దంలా వస్తుంది.”

“అక్కడ వద్దు తమ్ముడూ. ఉత్త మైనం పూయి చాలు.”

“గీతలు అలాగే ఉండిపోతాయి మరి.”

“ఉండాలనే. ఉప్పుకి చెడిపోకుండా చూడు.”

“చోద్యం! నిరుడు బానెట్ మీద గోరంత గీతకి నన్ను తిట్టిపోశావు కదా?”

“అది నీ బకెట్ గీసింది. ఇవి రుమ్యానా ఉంగరం గీసినవి. పదకొండేళ్ళు నా పక్క సీట్లో కూర్చోడానికి ఆ తలుపు తనే తీసింది.”

“వదిన ఇంకా ఇటలీలోనేనా?”

“ఇది నాలుగో చలికాలం. అక్కడ ఓ ముసలమ్మని చూసుకుంటోంది.”

“మరింకేం, ఈస్టర్‌కి వచ్చి మళ్ళీ గీస్తుందిలే. ఇప్పుడు నున్నగా చేయనీ.”

“ఉంగరం ఇంట్లోనే పెట్టి వెళ్ళింది. ముసలమ్మని లేవదీసేటప్పుడు ఒళ్ళు గీసుకుపోతుందని.”

అతను పాలిష్ గుడ్డ అవతల పెట్టేశాడు. పరాయి ఒంటికి గీత పడకూడదని తీసిన ఉంగరానికి గుర్తుగా ఇక్కడ ఈ గీతలే మిగలడం, ఇదేం న్యాయమో దేవుడికే తెలియాలనుకున్నాడు. వేలికి మైనం తీసుకుని ఒక్కో గీత వెంటా మెల్లగా రాశాడు.

“మార్చి దాకా నిలుస్తుంది అన్నా.”

“మన ఆర్థడాక్స్ ఈస్టర్ ఈసారి మే నెలలో కదా.”

“అయితే మార్చిలో ఓసారి తీసుకురా. ఈ తలుపు మళ్ళీ పూస్తాను.”